ఎంతుందో అంత

ఫిబ్రవరి 11

చెల్లికి పాప పుట్టింది. పుట్టాల్సింది మే నెలలో.

ఫిబ్రవరి 12

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాను. ఇవాళ కుదురుగా రాయాలి.

నిన్న పొద్దున తలనొప్పి అంది. కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నట్టుందంది. ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు, మిషనే పాడైందేమోనని ఇంకోటి తెచ్చి మళ్లీ చూసింది. అంతలోనే ఫిట్స్. "పిచ్చుకా, పిచ్చుకా" అని పిలుస్తూనే ఉన్నాను. పిలవకముందే పలికే నా చెల్లి పలకలేదు.

ఆపరేషన్ చేసి పాపని తీశారు. ఊపిరి అందడం లేదట. ఇంత చిన్నపిల్లల్ని చూసే ఏర్పాటు ఇక్కడ లేదని, అంబులెన్సులో నది అవతల పిల్లల ఆసుపత్రికి పంపేశారు. మరిది అంబులెన్సుతో వెళ్లాడు. నేను చెల్లి దగ్గర ఉండిపోయాను. తల్లి ఒక ఒడ్డున, బిడ్డ ఒక ఒడ్డున.

ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఆరో నెల దాకా ఎవరికీ చెప్పకుండా నోరు కట్టేసుకుంది. అదీ ఎవరు? వీధి చివరి దుకాణంలో ఉప్పు కొనడానికి వెళ్లి గంటసేపు కబుర్లు చెప్పి, ఉప్పు మర్చిపోయి వచ్చే మనిషి.

ఫిబ్రవరి 14

కళ్లు తెరిచింది. గొంతు బొంగురుపోయింది. మొదటి మాట, "పాప?"

"బాగుంది," అన్నాను. నేనింకా చూడనే లేదు.

మరిది ఫోన్‌లో తీసిన ఫొటో చూపించాడు. గాజు మీద ట్యూబ్‌లైటు, అందులో అతని ముఖమే, ఆ వెనకెక్కడో తెల్లటి ప్లాస్టర్లు. చెల్లి ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో పాప ఎక్కడుందండీ?"

మరిది వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కింద పాప మొత్తం మాయమైంది.

"నువ్వు తియ్యక్కా," అంది నాతో. "ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ తీస్తావు. నా పాపని తియ్యలేవా?"

డాక్టరమ్మ చెప్పింది, కిడ్నీల మీద దెబ్బ పడింది, కుట్టు దగ్గర కూడా చీము పట్టేలా ఉంది, మంచం దిగడానికి కనీసం మూడు వారాలు పడుతుందని.

ఫిబ్రవరి 15

కొత్త లెన్సు పట్టుకెళ్లాను. ఎండ తగలని ఇళ్ల కోసం కిందటి నెల కొన్నది. వైడ్ లెన్సు, గదిలో ఓ మూల నిలబడితే మిగతా మూడు మూలలూ వస్తాయి. దీపం లేకపోయినా, కిటికీ సందులోంచి వచ్చే వెలుగు చాలు. జూమ్ లేదు. ఏదైనా దగ్గరగా కావాలంటే మనమే దగ్గరికి వెళ్లాలి. జానెడు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా పట్టుకుంటుంది. కుళాయి చివర నీటిబొట్టునీ, దాని వెనక స్నానాలగది మొత్తాన్నీ ఒకే ఫొటోలో తీసిస్తే ఇళ్లు అమ్మిపెట్టే మా బ్రోకరు మురిసిపోయాడు. "మేడమ్, మీరు తీస్తే అగ్గిపెట్టె కూడా బంగళా అయిపోతుంది," అన్నాడు.

పిల్లల ఐసీయూలో మోచేతుల దాకా చేతులు కడిగించారు. కెమెరాని స్పిరిట్‌తో తుడిపించారు. అక్కడి సిస్టర్ పెద్దావిడ. "ఫ్లాష్ వెయ్యకూడదు. పెట్టె మీద తట్టకూడదు. గట్టిగా ఊపిరి కూడా పీల్చకండి, సరేనా?" అని నవ్వింది. చివరిది నవ్వులాటకే అంది. నేను నిజంగానే ఊపిరి బిగబట్టాను.

గాజుపెట్టె మీద దుప్పటి కప్పారు, వెలుగు పడకుండా. సిస్టర్ ఒక మూల ఎత్తింది.

పాప చిన్నగా ఉంది. పిల్లలందరూ చిన్నగానే ఉంటారు.

లెన్సుని పెట్టె గోడకి ఆనించేశాను. ఆనిస్తే గాజులో ట్యూబ్‌లైట్లు పడవు. అటువైపు జానెడు దూరంలో బుగ్గ. ఆ చీకట్లో కూడా కనురెప్ప మీది నూగు కనిపించింది. ఈ లెన్సు ఇళ్ల కోసం కాదు, ఇందుకోసమే పుట్టిందేమో అనిపించింది. ఇందులో దగ్గరున్నది పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా వస్తుంది. అది లెన్సు స్వభావం, అందులో నేను చేసిందేమీ లేదు. బుగ్గ వైపు నుంచి తీస్తే ఊపిరి గొట్టం చాలావరకు అటుపక్కకి పోయింది.

సిస్టర్ సిరంజి తెచ్చి పాప పక్కన పెట్టినప్పుడు తీసినవి నాలుగు ఉన్నాయి. వాటిని తుడిచేశాను. ఫోకస్ సరిగ్గా రాలేదు.

ఫిబ్రవరి 16

చెల్లి ముఖం ఇవాళ చూడాల్సింది.

"అమ్మో, బుగ్గలు చూడవే అక్కా! నెలలు నిండని పిల్లంటే ఎవరైనా నమ్ముతారా?"

పక్క మంచం ఆవిడ తన పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి చూసింది. "మా వాడు నెలలు నిండి పుట్టాడమ్మా, వాడికే ఈ బుగ్గలు లేవు," అంది. చెల్లి ఆ ఫోన్‌ని వార్డంతా తిప్పించింది. ఊడ్చే ఆవిడ కూడా చీపురు పక్కన పెట్టి చూసింది.

సాయంత్రానికి బీపీ దిగింది. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఏం మందు వేశారమ్మా మీ చెల్లెలికి? రోజూ వెయ్యండి," అంది.

ఫిబ్రవరి 18

రోజూ వేస్తున్నాను. ప్లేటు ఖాళీ చేస్తోంది. ఫొటో ఎదురుగా పెట్టుకుని, దానితో మాట్లాడుతూ పాలు పిండి సీసాలో పడుతోంది. ఆ సీసాని మరిది ఛాతీకి ఆనించి పెట్టుకుని బండి మీద వంతెన దాటిస్తాడు.

ఫిబ్రవరి 20

మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. చెల్లి ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది గనక అతనికి అవసరం పడలేదు. ఇవాళ ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి, "వదినా, ఒక మాట," అన్నాడు.

"చెప్పు."

"మీరు ఫొటోల్లో చూపించేది మన పాపనేనా?"

"మరెవరి పాప?"

"మేము లిఫ్టులో అద్దం పెడతాం. ఇరుకనిపించి జనం భయపడకూడదని. కానీ పక్కనే రాస్తాం వదినా, ఎంతమంది ఎక్కొచ్చో. అది రాయకుండా అద్దం ఒక్కటే పెడితే..." ఆగాడు. "చెప్పడం నావల్ల కాదు. ఫొటో చూసి ఆమె నవ్వుతుంటే నోరు రావట్లేదు. మీరు చెప్పండి."

"నేనేమైనా దొంగతనం చేశానా?" అన్నాను.

ఆ మాట అతను అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేనే.

ఫిబ్రవరి 23

రెండు గదుల ఇల్లు తీశాను. పడకగదిలో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఫొటోలో ఆ తలుపు రాకుండా చూశాను. ఇందులో ఎవరికీ మోసం లేదు. ఇల్లు కొనేవాళ్లు వచ్చి, చూసుకున్నాకే కొంటారు.

ఫిబ్రవరి 26

పిల్లల డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. పేగులకి ఇన్ఫెక్షన్. తలలో కూడా రక్తస్రావం కనిపించిందట. చాలా మెల్లిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. మెల్లిగా మాట్లాడే డాక్టర్లంటే నాకు భయం.

బయటికి వచ్చాక మరిది నా వైపు చూశాడు.

"కొంచెం కోలుకోనీ," అన్నాను. "మెట్లు దిగగలిగాక చెబుదాం."

అతను సీసా ఎత్తి చూపించాడు. ఇవాళ్టి పాలు. ఇక పాపకి పట్టకూడదన్నారు.

ఫిబ్రవరి 27

ఇవాళ ఫొటో తియ్యలేదు. ఇదివరకు తీసినవాటిలో చూపించనిది ఒకటి ఉంటే చూపించాను. "ఇవాళ్టిదేనా?" అంది. ఇవాళ్టిదే అన్నాను.

మార్చి 1

మళ్లీ పాతదే. దుప్పటి రంగు మారిందేమిటని చెల్లి అడగలేదు. ఉతకడానికి తీసుకెళ్లారని నేనే చెప్పాను, అడక్కుండానే.

మార్చి 4

రేపు చెల్లిని ఇంటికి పంపేస్తారు. నేరుగా పాప దగ్గరికే తీసుకెళ్లమంటోంది. పసుపుపచ్చ గౌను తెప్పించుకుంది. పక్క మంచం ఆవిడ పిల్లాడికి తొడిగి కొలత చూశారట. "మీ పాపకి కాస్త బిగుతవుతుందేమో," అందిట ఆవిడ.

"బాగుందా అక్కా?"

బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది గౌను.

మార్చి 5

కారులో చెబుదామనుకున్నాను. కారెక్కగానే కుట్టు నొప్పి అంది, ఊరుకున్నాను. వంతెన మీద చెబుదామనుకున్నాను. కిటికీ దించి గాలికి ముఖం పెట్టి, చాలా రోజులకి ఆకాశం చూస్తున్నానంది. వంతెన దాటాక చెబుదామనుకున్నాను. వంతెన దాటాక ఆసుపత్రి వచ్చేసింది.

చక్రాల కుర్చీ వద్దంది. మరిది భుజం పట్టుకుని నడిచింది. చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్లి, కుడివైపు మొదటి పెట్టె దాటేసి ముందుకి వెళ్లిపోయింది. రెండోది చూసింది. మూడోది చూసింది. వెనక్కి తిరిగి, "మన పాపని ఎక్కడికైనా మార్చారా?" అంది.

సిస్టర్ మొదటి పెట్టె దగ్గర నిలబడి ఉంది. "ఇదేనమ్మా."

చెల్లి వచ్చి చూసింది. మర్యాదగా, ఇంకొకరి బిడ్డని చూసినట్టు చూసింది. "పాపం," అంది. "కాదు సిస్టర్. మా పాప ఇంకొంచెం పెద్దది. మా అక్క రోజూ ఫొటోలు తీసేది కదా." ఫోన్ తీసి సిస్టర్‌కి చూపించింది.

సిస్టర్ ఫొటో చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒక మాట అన్నా బాగుండేది.

చెల్లి కూడా నన్ను చూసింది. నెమ్మదిగా పెట్టె వైపు తిరిగింది. కాలికి కట్టిన పట్టీ మీద తన పేరు చదువుకుంది.

"చిక్కిపోయిందా అక్కా? ఏమైంది? ఎప్పటినుంచి?"

నాకు ఇంకో దారి ఉంది అప్పుడు కూడా. అవును, ఈమధ్యే చిక్కింది అనొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట. మరిది నా వైపే చూస్తున్నాడు.

"లేదే," అన్నాను. "పుట్టినప్పటినుంచీ ఇంతే. ఫొటోలో నేను... దగ్గర్నుంచి తీస్తే పెద్దగా వస్తుంది."

"నీకు తెలుసా అలా వస్తుందని?"

"తెలుసు."

గౌనుని బ్యాగులోంచి సగం తీసి ఉంది. మళ్లీ లోపల పెట్టి జిప్పు వేసింది. అరవలేదు, ఏడవలేదు.

"ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడానక్కా?" అంది. "ఆ మంచం మీద పడుకుని ఎవరికి కబుర్లు చెప్పాను? ఈ పిల్ల ఇక్కడ ఒక్కత్తే పడుంది. దీనితో ఎవరు మాట్లాడారు?"

నేను బయటికి వచ్చేశాను. డాక్టరు చెప్పిన సంగతి మరిది చెప్పాడట, అక్కడే, కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి.

మార్చి 6

ఫోన్ ఎత్తలేదు.

మార్చి 7

ఎత్తలేదు.

మార్చి 9

మరిది చేశాడు. "కొన్నాళ్లు రాకండి వదినా. కోపం అని కాదు. మిమ్మల్ని చూస్తే ఆ ఫొటోలు గుర్తొస్తున్నాయిట." చెల్లి రోజంతా పెట్టె పక్కనే కూర్చుంటోందట. చెయ్యి దూర్చే రంధ్రంలోంచి వేలు పెట్టి, పాప అరికాలు తాకి ఉంచుతోందట. మాట్లాడుతూనే ఉందట.

"ఏం మాట్లాడుతోంది?"

"అన్నీను. దుకాణం సంగతులు కూడా."

మార్చి 13

ఇవాళ న్యాయంగా ఆలోచించాలి. చెల్లి బీపీ దిగింది ఎవరివల్ల? ఆ ఫొటోల వల్ల. తిండి తిన్నది, పాలు వచ్చినది, మూడు వారాలు మంచానికి అతుక్కుని కూడా మనసు చెడకుండా ఉన్నది ఎవరివల్ల? రోజూ వెయ్యమన్నది డాక్టరమ్మే. అంత చిన్న ప్రాణాన్ని అప్పుడే చూపించి ఉంటే చెల్లికి ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అమ్మ పోయినప్పుడు కూడా, అమ్మ ఊరెళ్లిందని నెల్లాళ్లు చెప్పి నేనే దాన్ని...

ఇది కూడా ఫొటో తీసినట్టే రాస్తున్నాను. తలుపు రాకుండా.

నిజం ఇది. మొదటిరోజు దుప్పటి మూల ఎత్తగానే నాకు పారిపోదామనిపించింది. కెమెరా కంటికి పెట్టుకుంటే పాప పెద్దదైంది. పెద్దదయ్యాక నేను నిలబడగలిగాను. చెల్లి కోసం అన్నది తర్వాత దొరికింది. ముందు నా కోసమే తీశాను.

మార్చి 17

మధ్యాహ్నం మరిది ఫోన్. "రమ్మంటోంది వదినా. కెమెరా తెమ్మంటోంది." ఎందుకని నేను అడగలేదు. అతను చెప్పలేదు.

ఐసీయూ పక్కన చిన్న గది. ఒక కిటికీ, చేతుల కుర్చీ, బల్ల, గోడకి ఒక వాష్‌బేసిన్. కుర్చీలో చెల్లి. ఎంత పాలిపోయిందో. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ముఖం చెల్లలేదు.

"లోపలికి రా," అంది. "గొట్టం తీసేస్తారు. ఇంక చెయ్యగలిగిందేం లేదట. నా ఒళ్లో పెడతామన్నారు. తియ్యి."

తలూపాను.

"ఎంతుందో అంత తియ్యి. ప్లాస్టర్లూ, గొట్టాలూ, సూదుల గుర్తులూ, ఈ గదీ, అన్నీ రావాలి. నాకు బాగుండక్కర్లేదు. ఉన్నది కావాలి."

సిస్టర్ పాపని తీగలతో సహా రెండు చేతుల మీదా తెచ్చింది. వెనక ఇంకొకామె గొట్టాలు పట్టుకుని నడిచింది. చెల్లి ఛాతీ మీద పడుకోబెట్టారు. చెల్లి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. మరిదికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి చెల్లి తల మీద పెట్టాడు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈ లెన్సుతో దూరంగా నిలబడి తీస్తే అందరూ చీమల్లా వస్తారు. దగ్గరికి వెళ్లక తప్పదు. వాళ్ల ఊపిరి నా ముఖానికి తగిలేంత దగ్గరికి వెళ్లాను. పాప చెవి, దాని వెనక చెల్లి గడ్డం, పైన మరిది ముఖం, కిటికీ, వాష్‌బేసిన్. ప్లాస్టర్ లాగిన చోట ఎర్రగా కమిలిన చర్మం. ఏదీ తప్పించలేదు. తర్వాత లేచి నిలబడి, వంగి, సరిగ్గా పైనుంచి ఒకటి తీశాను. "నీ చెయ్యి పాప పక్కన ఆనించి పెట్టవే," అన్నాను. చెయ్యీ పాపా లెన్సుకి ఒకే దూరంలో ఉంటే ఏది ఎంతుందో అంతే వస్తుంది. చెల్లి అరచెయ్యి పరిచింది. పాప తల నుంచి కాళ్ల దాకా ఎంతుందో ఆ చెయ్యి చెబుతోంది. ఇన్ని రోజులూ నేను చెప్పనిది.

గొట్టం తీశారు. ముఖం మీద ఏమీ లేకుండా పాపని మేము చూడటం అదే మొదలు. చెల్లి ముక్కు పాపకి వచ్చింది.

నేను తీస్తూనే ఉన్నాను. ఆపితే ఏం చెయ్యాలో తెలియక.

"ఇక చాలు," అంది చెల్లి. "కెమెరా అక్కడ పెట్టు. ఇటు రా."

వెళ్లాను. పాపతో చెప్పింది, "ఈవిడ మీ పెద్దమ్మ. నిన్ను ఇంతదాన్ని అంతదాన్ని చేసి ఊరంతా చూపించింది. పోనీలే. పెద్దమ్మ కదా, పెద్దగానే చూసింది."

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పాపని నా చేతుల్లో పెట్టింది.

ఇన్నిసార్లు తీశాను. ముట్టుకోవడం ఇదే. వెచ్చగా ఉంది. పిడికిలి విప్పి మూసింది.

మరిది తీసుకున్నాడు. మళ్లీ చెల్లి తీసుకుంది. మళ్లీ నేను. అలా చేతులు మారుతూ ఉండగా ఎవరి దగ్గర ఉన్నప్పుడు ఆగిందో మాకు తెలియదు. సిస్టర్ వచ్చి, స్టెతస్కోపు పెట్టి చూసి, చెల్లి భుజం మీద చెయ్యి వేసింది.

మార్చి 18

ఇవాళ్టి గురించి రాయను.

ఏప్రిల్ 10

పొద్దున్నే చెల్లి వచ్చింది. చెప్పకుండా, ఒక్కత్తే, బస్సులో. మరిది మళ్లీ పనిలోకి వెళ్తున్నాడట. సన్నబడింది. చెప్పులు విప్పుతూనే, "పైనుంచి తీశావే, నా చెయ్యి ఉన్నది. అది కాగితం మీద కావాలి," అంది.

"ఎంత సైజు?"

"ఎంతుందో అంత."

ప్రింటర్ ముందుగదిలో ఉంది. స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఫొటోల ఫైలు తెరవగానే పక్కన పాతవి కూడా కనిపించాయి, ఆ బుగ్గలవి. మూసెయ్యబోయాను. "ఉండనీ," అంది. కాసేపు చూసింది. "ఈవిడ కూడా మంచి పిల్లే. తిండి తినిపించింది నాతో." అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పాప ఎన్ని అంగుళాలో ఆసుపత్రి కాగితాల్లో ఉండే ఉంటుంది. ఇద్దరం వెతకలేదు. మొదటి కాగితం వచ్చింది. చెల్లి తన అరచెయ్యిని ఫొటోలోని అరచెయ్యి మీద పెట్టింది. ఫొటోలో వేళ్లు ఆమె వేళ్ల బయటికి వచ్చాయి.

"నా చెయ్యి ఇంత లేదు. పాప కూడా ఇంత లేదు."

తగ్గించాను. రెండోదానిలో ఆమె గోళ్లు బయటికి వచ్చాయి.

"ఇప్పుడు కాస్త పెద్దది చెయ్యి," అని నా వైపు చూసింది. "ఈసారి నేనే చెయ్యమంటున్నాను."

నాకు నవ్వు వచ్చింది. దానితోపాటు ఇంకేదో కూడా వచ్చింది. ప్రింటర్ వైపు తిరిగిపోయాను.

మూడో కాగితం బల్ల మీద పెట్టాను. చెల్లి చెయ్యి పెట్టింది. వేలికి వేలు, మణికట్టుకి మణికట్టు. ఎక్కడా అంచు మిగల్లేదు. చెయ్యి పక్కన పాప, ఆ రోజు ఆ కుర్చీలో ఎంతుందో అంత.

"ఇంతే," అంది. "ఇంతే ఉండేది."

నేను కూడా చూశాను. కెమెరా అడ్డం లేకుండా, కళ్లు తిప్పుకోకుండా చూశాను.

కాసేపటికి, "ఇంకు ఆరలేదే, చెయ్యి తియ్యి," అన్నాను.

తియ్యలేదు. నేనూ మళ్లీ చెప్పలేదు.